అనుకోని అదృష్టాన్ని ఇంగ్లీషులో చెప్పడం: ఏ మాట, ఎప్పుడు, ఎవరి గురించి

అనుకోకుండా మేలు జరిగినప్పుడు తెలుగులో మనకు మాటలకు కొదవ లేదు. నక్కతోక తొక్కామంటాము, కాలం కలిసొచ్చిందంటాము, దేవుడే పంపినట్టు వచ్చాడంటాము. ఈ మూడూ ఒకటి కావని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అప్పు తీర్చవలసిన రోజునే డబ్బు తెచ్చి చేతిలో పెట్టిన స్నేహితుణ్ణి చూసి నక్కతోక తొక్కి వచ్చాడని ఎవరూ అనరు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ విచక్షణ సడలిపోయి, అన్ని సందర్భాలకూ ‘లక్కీ’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాము. ఆ మాట తప్పు కాదు. అయితే వచ్చింది డబ్బా, సాయమా, అవకాశమా అన్నది గాని, అందులో మనిషి శ్రమ ఎంత ఉందన్నది గాని అది చెప్పదు. ఇంగ్లీషులోని అదృష్టపు నుడికారాలలో చాలా భాగం సరిగ్గా ఈ రెండు సంగతులనే చెబుతాయి. అందుకని ముందు సంఘటనను విడదీసి చూసి, ఆ తరువాతే మాటను ఎంచుకునే పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: వచ్చింది ఏమిటో తేల్చుకోవడం

వచ్చింది డబ్బు అయితే మొదట తలచుకోవలసిన మాట ‘విండ్‌ఫాల్’. గాలికి చెట్టు నుంచి దానంతట అదే రాలిపడిన పండు దీని మొదటి అర్థం. చెట్టెక్కే పని లేదు, కొమ్మ వంచే పని లేదు. ఊహించని వారసత్వం, ఎప్పుడో మరిచిపోయిన బీమా సొమ్ము, లెక్కలోకి రాని పన్ను వాపసు ఇందులోకి వస్తాయి. ఏడాదంతా పనిచేసి తెచ్చుకున్న జీతం పెంపు రాదు. ముందే ప్రకటించిన బోనస్ కూడా రాదు. సొమ్ము ఒక్కసారిగా రావాలి, మన లెక్కలకు బయటి నుంచి రావాలి. ‘షీ యూజ్డ్ ద విండ్‌ఫాల్ టు పే ఆఫ్ హర్ లోన్’ అన్నప్పుడు ఆ సొమ్ము ఆమె మామూలు ఆదాయం కాదని వేరే చెప్పకుండానే తెలుస్తుంది.

ఇదే మాట వార్తల్లో కాస్త పుల్లగా వినిపిస్తుంది. ఒక సంస్థకు ‘విండ్‌ఫాల్ ప్రాఫిట్స్’ వచ్చాయంటే, ఆ లాభం వారి సమర్థత వల్ల కాక బయటి పరిస్థితుల వల్ల వచ్చిందనే వాదన అందులో ఇమిడి ఉంటుంది. అమెరికా 1980లో ముడిచమురు మీద, బ్రిటన్ 1997లో ప్రైవేటుపరమైన ప్రజాసేవా సంస్థల మీద విధించిన ప్రత్యేక పన్నులకు ఈ మాటే పేరులో చేరింది. కాబట్టి ఒక వ్యాపారి కష్టపడి గడించిన లాభాన్ని ఆయన ముందే విండ్‌ఫాల్ అంటే పొగిడినట్టు కాదు.

వచ్చింది సాయమైతే మాట ‘గాడ్‌సెండ్’. దేవుడే పంపినట్టు అనే మన వాడుకకు ఇది దాదాపు అచ్చంగా సరిపోతుంది, భక్తితో సంబంధం లేనివారు కూడా దీన్ని ధారాళంగా వాడతారు. దీనికి ఒక షరతు ఉంది: సాయానికి ముందు అవసరం ఉండి తీరాలి. ఇబ్బందిలో ఉన్నవారికి అందినదే గాడ్‌సెండ్. ఏ ఇబ్బందీ లేనివారికి అదనంగా దొరికినది కాదు. ఇది మనిషి గురించీ చెప్పవచ్చు, వస్తువు గురించీ చెప్పవచ్చు. ‘ద నైట్ నర్స్ వాజ్ ఎ గాడ్‌సెండ్’ అన్నా, ‘దట్ ఓల్డ్ మ్యాప్ వాజ్ ఎ గాడ్‌సెండ్’ అన్నా చక్కగా కుదురుతుంది. ‘మ్యానా ఫ్రమ్ హెవెన్’ అనేది దీనికి అన్న వంటిది. ఎడారిలో ఆకలితో అలమటించిన ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన ఆహారాన్ని గూర్చిన బైబిల్ కథ నుంచి ఇది వచ్చింది. కరువు తీవ్రంగా ఉన్నప్పుడే ఇది నప్పుతుంది, సాధారణంగా ముందు ‘లైక్’ చేర్చి చెబుతారు. చిన్న చిన్న సదుపాయాలకు వాడితే హాస్యంగా ధ్వనిస్తుంది. అలా ధ్వనించాలనే కొందరు వాడతారు కూడా.

వచ్చింది అవకాశమైతే ‘లక్కీ బ్రేక్’. మనం తెలుగులో సంభాషిస్తూ ‘లక్కీ ఛాన్స్’ అంటూ ఉంటాము గాని, వృత్తిజీవితంలో తలుపు తెరుచుకున్న సందర్భానికి ఇంగ్లీషు మాట్లాడేవారి నోట సహజంగా వచ్చేది ఇదే. దీనికి పక్కనే ‘బిగ్ బ్రేక్’ ఉంది. అందులో అదృష్టం ప్రస్తావన తప్పనిసరి కాదు. జీవితాన్ని మలుపు తిప్పిన అవకాశం అని మాత్రమే అర్థం. ఇంటర్వ్యూలో సొంత ఎదుగుదల గురించి చెప్పేవారికి ఈ రెండోదే మేలు.

వచ్చింది ఒక ఆవిష్కరణో, అనుకోని పరిచయమో అయితే ‘సెరెండిపిటీ’. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఈ మాటను 1754 జనవరి 28న రాసిన ఒక ఉత్తరంలో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్‌పోల్ సృష్టించాడు. శ్రీలంకకు పాత పేరైన సెరెండిప్ నుంచి బయలుదేరిన ముగ్గురు రాజకుమారుల కథ దానికి ఆధారం. ఆ రాజకుమారులు తాము వెతకని సంగతులను యాదృచ్ఛికంగానూ, తమ సునిశిత బుద్ధితోనూ కనిపెడుతూ ఉంటారని ఆయన వివరించాడు. ఈ నిర్వచనంలోని రెండు భాగాలూ ముఖ్యమే. వెతుకుతున్నది వేరు, దొరికినది వేరు కావాలి. దొరికినదాని విలువను గుర్తించే చూపు కూడా ఉండాలి. వెతకబోయిన తీగ కాలికి తగిలిందన్న మన సామెత దీనికి సమానమని చాలామంది అనుకుంటారు గాని, ఆ సామెతలో దొరికినది వెతుకుతున్న తీగే. కనుక ఆ సందర్భానికి ‘స్ట్రోక్ ఆఫ్ లక్’, అంటే హఠాత్తుగా కలిసొచ్చిన అదృష్టం అనే మాట చాలు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెంచుతున్న బాక్టీరియా పళ్లెంలో బూజు చేరింది. అది చేరడం యాదృచ్ఛికం. ఆ బూజు చుట్టూ బాక్టీరియా నశించిందని గమనించి, పారవేయకుండా ఆలోచించడం ఆయన విజ్ఞత. పెన్సిలిన్ కథను అందరూ సెరెండిపిటీకి ఉదాహరణగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక చెడుగా మొదలై మంచిగా తేలిన సంఘటనకు ‘బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్’. ఇది కాలం గడిచాక వెనక్కి చూసి చెప్పే మాట. అందుకే ఎక్కువగా ‘టర్న్‌డ్ అవుట్ టు బీ’ అనే క్రియతో కలిసి వస్తుంది. దీన్ని ‘సిల్వర్ లైనింగ్’తో కలపకూడదు. సిల్వర్ లైనింగ్‌లో చెడు చెడుగానే ఉండి అందులో ఒక మంచి అంచు కనిపిస్తుంది, మన గుడ్డిలో మెల్ల లాగా. బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్‌లో ఆ చెడే మేలుగా మారుతుంది. ఉద్యోగం పోయినా పిల్లలతో గడిపే సమయం దొరికిందంటే అది సిల్వర్ లైనింగ్. ఉద్యోగం పోవడం వల్లనే ఇంతకంటే మంచి వృత్తిలోకి వెళ్లగలిగానంటే అది బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దెబ్బ తగిలిన రోజునే ఎదుటివారితో ఇది బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్ కావచ్చునని అనడం ఓదార్పు కాదు. ఆ మాట అనే హక్కు దెబ్బ తిన్నవారిది.

ప్రమాదం తప్పిపోవడం కూడా అదృష్టమే. దానికి ‘లక్కీ ఎస్కేప్’ అంటారు. వెంట్రుకవాసిలో తప్పిందని చెప్పాలంటే ‘నారో ఎస్కేప్’ అనవచ్చు.

రెండవ మెట్టు: శ్రమ వాటాను తూచడం

ఏమి వచ్చిందో తేలాక, అందులో మనిషి ప్రయత్నం ఎంత అన్నది చూడాలి. ఏ ప్రయత్నమూ లేదని స్పష్టంగా చెప్పే నుడికారం ‘ఫాల్ ఇంటు వన్స్ ల్యాప్’. కూర్చున్నవారి ఒడిలోకి దానంతట అదే వచ్చి పడిందని భావం. ‘ద కాంట్రాక్ట్ జస్ట్ ఫెల్ ఇంటు మై ల్యాప్’ అంటే తాను అడగలేదు, తిరగలేదు, పోటీ పడలేదు అని ఒప్పుకున్నట్టే.

‘ఫ్లూక్’ దీనికంటే కరుకు. 19వ శతాబ్దం మధ్యలో బిలియర్డ్స్ ఆటగాళ్ల నోట, గురి లేకుండా కొట్టినా బంతి గుంటలో పడిన సందర్భానికి ఇది వాడుకలోకి వచ్చింది. మన శాస్త్ర పరిభాషలోని ఘుణాక్షర న్యాయం దీనికి చాలా దగ్గర: పురుగు కర్రను తొలిచిన గీతలు అక్షరంలా కనబడినంత మాత్రాన పురుగుకు చదువు వచ్చినట్టు కాదు. ఫ్లూక్ అన్నామంటే అది మళ్లీ జరగదని, దాని వెనుక నైపుణ్యం లేదని తేల్చేసినట్టే. ‘బిగినర్స్ లక్’ కూడా ఇదే కోవలోనిది గాని మెత్తనిది. మొదటిసారి ఆడి గెలిచినవారు నవ్వుతూ తమ గురించి తాము చెప్పుకుంటారు.

వీటికి ఎదురుగా ప్రయత్నాన్ని గుర్తించే నుడికారాలు ఉన్నాయి. ‘స్ట్రైక్ గోల్డ్’, ‘హిట్ పే డర్ట్’ అనేవి గనుల తవ్వకం నుంచి వచ్చినవి కనుక, తవ్వినవాడికే బంగారం తగిలిందన్న ధ్వని వాటిలో ఉంది. నెలల తరబడి పాత దస్తావేజులు తిరగేసిన పరిశోధకురాలికి కావలసిన కాగితం దొరికితే ‘షీ ఫైనలీ స్ట్రక్ గోల్డ్’ అనడం ఆమెకు గౌరవమే. కష్టంలో పడి, ఆశించినదానికంటే బాగా కుదుటపడినవారికి ‘ల్యాండ్ ఆన్ యువర్ ఫీట్’ నప్పుతుంది. బ్రిటన్‌లో ‘ఫాల్ ఆన్ యువర్ ఫీట్’ అనడం కూడా కద్దు.

పరిమాణాన్ని చెప్పే మాటలు రెండు. ‘జాక్‌పాట్’ పేకాటలో పుట్టింది. జాకీల జతో, అంతకు మించినదో చేతికి వచ్చేవరకు ఆట తెరవకూడదన్న పోకర్ నియమం వల్ల మధ్యలోని సొమ్ము పెరిగిపోయేది. ఆ పెరిగిన రాశికి వచ్చిన పేరది. అందుకే ‘హిట్ ద జాక్‌పాట్’ అంటే కొద్దిపాటి లాభం కాదు, లాటరీ తగిలినంత. ‘బొనాంజా’ స్పానిష్ మాట, సముద్రంలో అనుకూల వాతావరణం దాని మూలార్థం. నెవాడాలోని వెండి గనులలో 1873లో బయటపడిన మహానిక్షేపాన్ని బిగ్ బొనాంజా అన్నారు. ఇప్పుడు ఈ మాట ఒక మనిషి కంటే ఒక రంగానికో, ఒక కాలానికో బాగా అతుకుతుంది: వానలు బాగా పడిన ఏడు గొడుగుల వ్యాపారులందరికీ బొనాంజా అవుతుంది. వ్యాపార ప్రకటనలు దీన్ని అరగదీశాయి కనుక గంభీరమైన రచనలో వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మూడవ మెట్టు: ఎవరి అదృష్టమో చూసుకోవడం

మొత్తం ప్రక్రియలో జాగ్రత్త అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఇక్కడే. ఒకే మాట మన గురించి మనం చెప్పుకుంటే వినయం, ఎదుటివారి గురించి చెబితే అవమానం కావచ్చు. పరీక్షలో మొదటి స్థానం వచ్చిన అమ్మాయి ‘ఇట్ వాజ్ ఎ ఫ్లూక్’ అని నవ్వితే అందరూ ఆమె నమ్రతను మెచ్చుకుంటారు. ఆమె సహాధ్యాయి అదే మాట అంటే, అర్హత లేకుండా వచ్చిందన్న ఈసడింపు అవుతుంది. ‘యూ గాట్ లక్కీ’ అనేది కూడా అంతే. చదువు, పదోన్నతి, గెలుపు వంటి విషయాలలో ఎదుటివారిని ఉద్దేశించి అనకపోవడం మంచిది. పైగా ‘గెట్ లక్కీ’కి యువత వాడుకలో శృంగారపరమైన అర్థం ఒకటి ఉంది కనుక, అది సందర్భం తెలిసి వాడవలసిన మాట.

ఎదుటివారి మేలును అభినందించేటప్పుడు ‘హౌ వండర్‌ఫుల్ ఫర్ యూ’, ‘యూ డిజర్వ్ ఇట్’ వంటి అదృష్టం పేరెత్తని వాక్యాలు క్షేమం. అదృష్టం ప్రస్తావన లేకుండా కుదరదనుకుంటే సంఘటనను మాత్రమే అదృష్టమనాలి, మనిషిని కాదు. ‘వాట్ ఎ స్ట్రోక్ ఆఫ్ లక్’ అంటే ఆ క్షణానికి సంబంధించిన మాట. ‘యూ ఆర్ సో లక్కీ’ అంటే అతని జీవితం మీద తీర్పు. సంఘటనలో ఇద్దరికీ భాగం ఉంటే, ‘వాట్ ఎ హ్యాపీ కోఇన్సిడెన్స్’ అనేది ఎవరినీ తగ్గించదు.

‘లక్కీ యూ’ దగ్గర కంఠస్వరమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. సంతోషంగా అంటే అభినందన, సాగదీసి అంటే వెటకారం. కాగితం మీద స్వరం వినబడదు కనుక సందేశాలలో దీన్ని వదిలివేయడం మేలు.

నాలుగవ మెట్టు: వాక్యంలో కూర్చడం

విండ్‌ఫాల్, గాడ్‌సెండ్, ఫ్లూక్, లక్కీ బ్రేక్, స్ట్రోక్ ఆఫ్ లక్ లెక్కించదగిన నామవాచకాలు. ఏకవచనంలో ముందు ‘ఎ’, ‘ద’ వంటి మాట ఒకటి తప్పనిసరి. ‘లక్’ మాత్రం లెక్కకు అందని నామవాచకం, అందువల్ల ‘ఎ లక్’ అనకూడదు. ‘ఎ బిట్ ఆఫ్ లక్’, ‘ఎ పీస్ ఆఫ్ లక్’ అనాలి. నాకు అదృష్టం కలిసొచ్చింది అన్న భావాన్ని ‘ఐ గాట్ లక్’ అని పెడితే వాక్యం కుంటుతుంది. ‘ఐ వాజ్ లక్కీ’ అనాలి. సెరెండిపిటీ కూడా సాధారణంగా లెక్కకు రాదు. దాని విశేషణం ‘సెరెండిపిటస్’.

క్రియలు కూడా ఒక్కొక్క మాటకు ఒక్కొక్కటి జత. విండ్‌ఫాల్‌ను ‘రిసీవ్’ చేస్తారు, లక్కీ బ్రేక్‌ను ‘గెట్’ చేస్తారు, జాక్‌పాట్‌ను ‘హిట్’ చేస్తారు. గాడ్‌సెండ్‌కు అలాంటి క్రియ అక్కరలేదు. అది ఎక్కువగా ఏదో ఒకటి ‘వాజ్ ఎ గాడ్‌సెండ్’ అన్న చట్రంలో కుదురుతుంది. స్ట్రోక్ ఆఫ్ లక్ ముందు ‘బై’ చేర్చి వాక్యం మొదట్లో పెడితే కథ చెప్పే తీరు వస్తుంది: ‘బై ఎ స్ట్రోక్ ఆఫ్ లక్, ద లాస్ట్ బస్ వాజ్ లేట్’.

ఐదవ మెట్టు: మోసపుచ్చే మాటలను ఏరివేయడం

చూడటానికి అదృష్టంలా ఉండి వేరే అర్థమిచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. ‘జస్ట్ మై లక్’ అంటే నా దురదృష్టం కాకపోతే మరేమిటి అని. ‘పాట్ లక్’కు, జాక్‌పాట్‌కు సంబంధం లేదు, అది ఏది దొరికితే దానితో సర్దుకోవడం, అమెరికాలోనైతే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. ‘లక్ అవుట్’ అమెరికన్ వాడుకలో అదృష్టం వరించడం. ‘అవుట్ ఆఫ్ లక్’ మాత్రం అదృష్టం కరవు కావడం. ఈ రెండింటినీ తారుమారు చేస్తే అర్థం తలకిందులవుతుంది కనుక, పాఠకులు ఏ దేశంవారో తెలియనప్పుడు మొదటిదాన్ని వాడకపోవడమే నయం.

‘అవుట్ ఆఫ్ ద బ్లూ’ తటస్థమైనది. హఠాత్తుగా అని మాత్రమే చెబుతుంది, మంచి చెడులను పక్క మాటలు చెప్పాలి. ‘బోల్ట్ ఫ్రమ్ ద బ్లూ’ నిర్మలాకాశం నుంచి పిడుగు కనుక సాధారణంగా దిగ్భ్రాంతి కలిగించే వార్తలకే వస్తుంది. ‘యాజ్ లక్ వుడ్ హావ్ ఇట్’ కూడా రెండు వైపులా పదునున్నది. ‘ఫార్చూయిటస్’ అసలు అర్థం యాదృచ్ఛికమైన అని. అదృష్టకరమైన అనే అర్థంలో ఇప్పుడు విరివిగా వాడుతున్నా, ఆ వాడుకను ఒప్పుకోని సంపాదకులు ఉన్నారు. వారికి రాసేటప్పుడు ‘ఫార్చునేట్’ అంటే చిక్కు ఉండదు. ‘బై ఛాన్స్’ కాకతాళీయంగా అని మాత్రమే. అందులో మేలు జరిగిందన్న హామీ లేదు.

ఆరవ మెట్టు: ఒక పేరాను తిరిగి రాయడం

ఇంతవరకు చెప్పినదాన్ని ఒక ఉదాహరణ మీద పెట్టి చూద్దాము. ఒక యువతికి విమానం తప్పిపోయింది. విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు పక్కన ఉన్న పెద్దావిడతో మాట కలిసింది. ఆవిడ ఒక ప్రచురణ సంస్థలో సంపాదకురాలు. యువతి అయిదేళ్లుగా రాస్తున్న నవల గురించి విని, రాతప్రతి పంపమన్నారు. నవల అచ్చయింది. తొలి చిత్తుప్రతిలో ‘ఐ వాజ్ వెరీ లక్కీ. బై లక్ ఐ మెట్ యాన్ ఎడిటర్. ఇట్ వాజ్ ఎ జాక్‌పాట్’ అని రాస్తే వ్యాకరణం కన్ను పొడవదు గాని కథ సగం పోతుంది.

విమానం తప్పడం చెడు. దానివల్లనే మేలు జరిగింది కనుక అక్కడ బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్. ఆవిడ పక్కన కూర్చోవడం స్ట్రోక్ ఆఫ్ లక్. సెరెండిపిటస్ ఎన్‌కౌంటర్ అని కూడా అనవచ్చు, ఎందుకంటే యువతి అప్పుడు సంపాదకుల కోసం వెతకడం లేదు. రాతప్రతి పంపమనడం లక్కీ బ్రేక్. నవల అచ్చు కావడం మాత్రం వీటిలో ఏదీ కాదు. అయిదేళ్ల రాత దాని వెనుక ఉంది కనుక, అక్కడ అదృష్టపు మాట ఒక్కటి కూడా పెట్టకూడదు. జాక్‌పాట్ అన్న క్షణాన ఆ అయిదేళ్లూ చెరిగిపోతాయి.

అయితే మూడు సంఘటనలకు మూడు నుడికారాలూ ఒకే పేరాలో దట్టిస్తే చదివేవారికి ఊపిరాడదు. పేరాకు ఒకటి, ఎంతో అవసరమైతే రెండు. ఇక్కడ నేనైతే ‘మిస్సింగ్ దట్ ఫ్లైట్ టర్న్‌డ్ అవుట్ టు బీ ఎ బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్’ అన్న వాక్యంతో మొదలుపెట్టి, పరిచయాన్నీ రాతప్రతినీ ఏ అలంకారమూ లేని మామూలు వాక్యాలలో చెబుతాను. ఇదే కథను ఆ యువతి స్నేహితుడు చెబుతున్నట్లయితే ఆ మొదటి వాక్యాన్ని కూడా ఆమె మాటగానే చెప్పించి, తన వంతుగా నవల గురించి, దాని వెనుక ఉన్న అయిదేళ్ల గురించి రాయడం ఉచితం.